జడ్జి కథను మా అబ్బాయి ఒప్పుకోలేదు

చెన్నై పెరంబూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కనుక సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పుట్టారు. చెన్నైలో స్థిరపడిన తెలుగు బాప్టిస్టు ఇంటికి కోడలిగా వచ్చారు. భర్త పూర్వీకులది ఒంగోలు ప్రాంతం. తాతగారు రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మామగారు సంఘ పెద్దల్లో ఒకరు (డీకను), భర్త కమిటీ కార్యదర్శి, ఈమె సండే స్కూలు టీచరు. ఒక ఆదివారం పిల్లలకు సిలువ గురించి చెబుతూ, అందరూ చెప్పే జడ్జి కథే చెప్పారట. దోషిగా నిలబడ్డ స్నేహితుడికి జడ్జి జరిమానా వేస్తాడు. తర్వాత కుర్చీ దిగి వచ్చి ఆ సొమ్ము తానే కడతాడు. తరగతిలో కూర్చున్న ఆమె కొడుకు, తొమ్మిదేళ్ల వాడు, లేచి అడిగాడు: "జరిమానా అయితే ఎవరైనా కట్టవచ్చు. ఉరిశిక్ష వేస్తే, జడ్జిగారి అబ్బాయిని ఉరి తీయవచ్చా?" పిల్లలంతా నవ్వారు. టీచరుకు జవాబు దొరకలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక ఈ ప్రశ్నను మామగారి ముందు పెట్టారు. "దేవుని ఉగ్రత ఎవరో ఒకరి మీద పడాలి. కుమారుడి మీద పడింది కనుక మనం బతికాం. ఇందులో సందేహం ఉన్నవాళ్లు ప్రభువు బల్లలో పాలుపొందకూడదు" అన్నారాయన, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోకూడదని. "ఇదంతా నీ తమ్ముడి చదువు, తెల్లవాళ్ల పైత్యం" అని కూడా అన్నారు. బెంగళూరులో దైవశాస్త్రం చదువుతున్న తమ్ముడేమో, "కొడుకును కొట్టి చల్లబడే దేవుడు నాకు అక్కర్లేదు. నువ్వూ ఆ బోధ వదిలెయ్యి అక్కా" అంటున్నాడు. భర్త, "ఈ ఒక్కసారికి నాన్న చెప్పినట్టు మాట్లాడు" అంటున్నారు. ఈ ఏడాది గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువపై పలికిన ఏడు మాటల్లో నాలుగోది, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అనేది, ఈమెకు ఇచ్చారు. మామగారే పట్టుబట్టి ఇప్పించారట. వీళ్లు చాలరన్నట్టు, పై అంతస్తులో ఉండే యెహోవాసాక్షి ఆవిడ వచ్చి, క్రయధనం (మనల్ని విడిపించడానికి క్రీస్తు చెల్లించిన వెల) లెక్క తాను సరిగ్గా చెబుతానంటున్నారు.

ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఇలా ఉంది: "మా నాన్న తాగి వచ్చి అమ్మ మీదికి వెళ్తే తమ్ముడు అడ్డం వెళ్లేవాడు. వాడిని కొట్టాక నాన్న కోపం చల్లారి పడుకునేవారు. ఉగ్రత మీద ప్రసంగం విన్నప్పుడల్లా నాకు ఆ వరండా కనిపిస్తుంది, చేతులు వణుకుతాయి. నేను విశ్వాసం కోల్పోతున్నానా? ఆ రోజు ఏమి మాట్లాడాలి?"

అమ్మా,

ముందు మీ అబ్బాయికి నా అభినందనలు చెప్పండి. వాడు అడిగిన ప్రశ్నను ఇటలీకి చెందిన ఫౌస్టో సొసీనస్ 1578లో ఒక పుస్తకమంతా పెట్టి అడిగాడు. అది 1594లో అచ్చయింది. డబ్బు అప్పును ఒకరి బదులు ఇంకొకరు తీర్చవచ్చు, మరణశిక్షను మాత్రం ఒకరి నుంచి ఇంకొకరికి మార్చడం ఏ న్యాయమూ ఒప్పుకోదు అన్నాడు. పైగా, అప్పు పూర్తిగా వసూలు చేసుకున్నాక 'క్షమించాను' అనడంలో అర్థం ఏముందని నిలదీశాడు. దానికి జవాబు రాయడానికి అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి పితామహుడని పేరున్న హ్యూగో గ్రోషియస్ 1617లో పూనుకోవాల్సి వచ్చింది. దేవుణ్ణి అప్పులవాడిలా చూడకండి, లోకాన్ని పాలించే ప్రభువులా చూడండి అన్నాడు గ్రోషియస్. ధర్మశాసనం అంటే ఆషామాషీ కాదని లోకానికి తెలియాలి, సిలువ ఆ పని చేసింది, ఆ తర్వాత పాలకుడు న్యాయంగానే క్షమించగలడు అని ఆయన వాదన. ఆ జవాబు అందరికీ నచ్చలేదు, కానీ ఆ ప్రశ్నకు జవాబు అవసరమని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. సండే స్కూల్లో నవ్విన పిల్లలకు ఈ సంగతి తెలియకపోయినా ఫరవాలేదు, మీకు తెలియాలి.

మీరు విశ్వాసం కోల్పోవడం లేదు. ఒక వివరణతో మీకు పేచీ వచ్చింది. రెండూ ఒకటే అని మీ మామగారు అనుకుంటున్నారు. తమాషా ఏమిటంటే, మీ తమ్ముడు కూడా అలాగే అనుకుంటున్నాడు. అందుకే ఒకరు వివరణతో పాటు సిలువను పట్టుకోమంటున్నారు, మరొకరు వివరణతో పాటు సిలువనూ పారేయమంటున్నారు.

మీరు లూథరన్ ఇంట్లో పుట్టారు కనుక నైసియా విశ్వాస ప్రమాణం వినే ఉంటారు. 325లో మొదలై 381లో ఇప్పటి రూపానికి వచ్చిన ఆ ప్రమాణం, క్రీస్తు మన కొరకు సిలువ వేయబడ్డాడని చెబుతుంది. 'మన కొరకు' అంటే ఎలా అన్నది చెప్పకుండా వదిలేసింది. తండ్రికీ కుమారుడికీ ఉన్న సంబంధం గురించి ఒక్కో మాటను పట్టుకుని పోట్లాడి ఆ ప్రమాణాన్ని తెచ్చిన సంఘ మహాసభలు, ప్రాయశ్చిత్తం, అంటే సిలువ మన పాపాన్ని తీర్చడం, ఎలా పని చేస్తుందన్న దానిపై మాత్రం ఏ ఒక్క సిద్ధాంతాన్నీ శాసనం చేయలేదు. తర్వాతి కాలంలో ఆయా శాఖలు తమ నమ్మకాలు రాసుకున్న ఒప్పుకోలు పత్రాల్లో ఒక పక్షం తీసుకున్నాయి. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, క్రీస్తు తన మరణంతో మన పాపాలకు పరిహారం చెల్లించాడని స్పష్టంగానే అంటుంది. కాబట్టి మీ మామగారి మాటకు వెనక బలం లేదని అనుకోకండి. యెషయా 53వ అధ్యాయం ఉంది, రక్తం చిందకుండా క్షమాపణ లేదన్న హెబ్రీ పత్రిక ఉంది. ఆయన గాలిలోంచి తీసి మాట్లాడటం లేదు.

అయితే ఆయన చెప్పింది మొదటి వెయ్యేళ్లలో బాగా వినిపించిన మాట కాదు. ఆ కాలంలో ఎక్కువగా వినిపించింది విడుదల కథ. మనుషులు పాపానికీ మరణానికీ సాతానుకూ బందీలు, క్రీస్తు తన ప్రాణాన్ని విమోచన క్రయధనంగా ఇచ్చి విడిపించాడు. మార్కు 10:45లో ఉన్నది అదే. మరి ఆ ధనం ఎవరి చేతికి వెళ్లింది? మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే సంఘ పండితుడు సాతానుకు అన్నాడు. నాలుగో శతాబ్దంలో నిస్సా బిషపు గ్రెగరీ ఇంకా ముందుకు వెళ్లి, క్రీస్తు మానవ శరీరం ఎర, లోపలి దైవత్వం గాలం, సాతాను ఆశపడి మింగి చిక్కుకున్నాడని వర్ణించాడు. ఆయన స్నేహితుడే, నజియాంజుస్ గ్రెగరీ, ఈ లెక్క వినలేకపోయాడు. దొంగకు దేవుడు సొమ్ము కట్టడమా అని మండిపడ్డాడు. పోనీ తండ్రికి చెల్లించాడా అంటే, కన్నతండ్రి ఇస్సాకును అర్పించబోతేనే వద్దని ఆపిన దేవుడు తన కుమారుడి రక్తంతో సంతోషిస్తాడా అని అడిగాడు. ఈయన కాన్‌స్టాంటినోపుల్‌లో బిషపుగా ఉన్నవాడు, తూర్పు సంఘాలు 'దైవశాస్త్రవేత్త' అని బిరుదిచ్చి గౌరవించే మనిషి. మీకు కలిగిన ఇబ్బంది ఆయనకు పదహారు శతాబ్దాల ముందే కలిగింది. ఆయనను ఎవరూ బల్లకు దూరంగా ఉండమనలేదు.

నా అభిప్రాయం అడిగితే, క్రయధనం అన్న మాటను లెక్కల పుస్తకంలోంచి బయటికి తీసి నిర్గమకాండం పక్కన పెట్టి చూడాలి. ఇశ్రాయేలీయులను విమోచించానని దేవుడు అంటాడు. వాళ్లను బానిసలుగా ఉంచిన ఐగుప్తు రాజు ఫరోకు ఎంత చెల్లించాడు? ఒక్క షెకెలు కూడా లేదు. విడిపించిన మాట నిజం, అందుకు వెల అయిన మాటా నిజం, కానీ అమ్మినవాడంటూ ఎవరూ లేడు. ఈ సంగతి మీ అత్తింటివారి పూర్వీకులకు ఏ పండితుడూ చెప్పనక్కరలేకపోయి ఉండవచ్చు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. మీ చెన్నై గుండా వెళ్లే కాలువే అది. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామంది మాదిగలు, తరతరాలుగా వెట్టిచాకిరీ తెలిసినవాళ్లు. 'నిన్ను వెలపెట్టి విడిపించారు' అన్న మాట అలాంటివాళ్ల చెవిలో పడితే, సొమ్ము ఎవరికి ముట్టిందని అడగాలని తోచదు. మీ భర్త ముత్తాతలు ఆ రోజు అక్కడ ఉన్నారో లేదో నాకు తెలియదు. మామగారిని అడగండి. ఆయనతో మాట కలపడానికి ఉగ్రత కంటే ఇది మంచి చోటు.

కోర్టు భాష తర్వాత వచ్చింది. కాంటర్‌బరీ ఆర్చిబిషపు ఆన్సెల్మ్ 1098లో పూర్తి చేసిన గ్రంథంలో, పాపం దేవుని గౌరవానికి జరిగిన లోటు అన్నాడు. రాజులు, సామంతులు ఉన్న లోకంలో ఆ మాట సులభంగా అర్థమవుతుంది. అక్కడ కూడా శిక్ష లేదు. శిక్ష పడకుండా ఉండేందుకే క్రీస్తు ఆ లోటు పూడ్చాడన్నది ఆన్సెల్మ్ వాదన. 12వ శతాబ్దంలో ఫ్రాన్సు పండితుడు అబెలార్డ్, ఆ ప్రేమను చూసి మన గుండె మారడమే రక్షణ అన్నట్టు రాసి తిట్లు తిన్నాడు. శిక్షనే మధ్యలో పెట్టి, మనకు పడాల్సినది క్రీస్తు మీద పడిందని బలంగా నిలబెట్టినవాళ్లు 16వ శతాబ్దపు ప్రొటెస్టంటు సంస్కర్తలు, ముఖ్యంగా జెనీవాలో బోధించిన కాల్విన్. ఆయన చదివింది న్యాయశాస్త్రం. 1930లో స్వీడన్‌కు చెందిన లూథరన్ గుస్టాఫ్ ఔలెన్, పాత విడుదల కథనే, క్రీస్తు విజయగాథగా, మళ్లీ ముందుకు తెచ్చాడు.

'తెల్లవాళ్ల పైత్యం' అన్న నింద మాత్రం నిలవదు. శిక్ష సిద్ధాంతానికి గట్టి రూపమిచ్చిన జెనీవా కూడా ఒంగోలు తాలూకాలో లేదు! ఇక దానిని ప్రశ్నించిన తెలుగువాడు కావాలంటే ఉన్నాడు. పి. చెంచయ్య 1886లో నెల్లూరులో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, న్యాయవాదిగా పనిచేసి, పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి అయ్యారు. 1938లో తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, మద్రాసులో ఆయనా ఆయన మిత్రులూ కలిసి భారతదేశంలో క్రైస్తవం గురించి ఒక పుస్తకం తెచ్చారు. నేరం, శిక్ష, విడుదల పత్రం అనే చట్రంలో క్రీస్తును బిగించడం ఆయనకు నచ్చలేదు. క్రీస్తులో కొత్త మానవుడు పుట్టాడు, ఆ కొత్త సృష్టిలో మనకూ చోటుంది అన్నది ఆయన పట్టుకున్న మాట. జీవితమంతా కోర్టులో గడిపిన మనిషి దేవుణ్ణి కోర్టు బయట వెతకడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు మీ తమ్ముడి దగ్గరకు వద్దాం. మీరు ఉత్తరం చివర గబగబా రాసి వదిలేసిన ఆ వరండా సంగతి దగ్గరకు కూడా. 'కొడుకును కొట్టి చల్లబడే దేవుడు' అని అతను అంటున్నప్పుడు పుస్తకం మాత్రమే మాట్లాడటం లేదనిపిస్తుంది. తండ్రి కోపానికీ తల్లికీ మధ్య నిలబడి దెబ్బలు తిన్నది అతనే కదా. ఇది నా ఊహ, తప్పు కావచ్చు. కానీ వాట్సాప్‌లో సిద్ధాంతాలు ఇచ్చిపుచ్చుకునే బదులు ఒకసారి బెంగళూరు వెళ్లి, లేదా అతనినే పిలిపించుకుని, ఆ రోజుల గురించి మాట్లాడండి. ఇద్దరూ ఇన్నేళ్లలో ఆ విషయం ఎత్తి ఉండరని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. చేతుల వణుకు తగ్గకపోతే, నిద్ర చెడుతుంటే, సంఘంతో సంబంధం లేని ఒక మానసిక సలహాదారు దగ్గరకు వెళ్లండి. అది విశ్వాసలోపం కాదు.

అయితే ఆ వరండాకూ సిలువకూ పోలిక ఎక్కడ తెగుతుందో చూడండి. మీ నాన్నగారి కోపం అన్యాయం. దేవుని ఉగ్రత అని బైబిలు చెప్పేది అన్యాయం మీద కోపం. మీ ఇంట్లో అలాంటి కోపం ఎవరికైనా వచ్చి ఉంటే, అది మీ నాన్నగారి మీదికి రావాలి, మీ అమ్మగారి పక్షాన రావాలి. ఇంకొకటి, వరండాలో ముగ్గురు వేరు వేరు మనుషులు ఉన్నారు. మన బదులు క్రీస్తు శిక్ష అనుభవించాడన్న బోధను జాగ్రత్తగా చెప్పేవాళ్లు, సిలువ దగ్గర అలా ముగ్గురు లేరంటారు. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ స్టాట్ 1986లో ఈ బోధను సమర్థిస్తూ రాసినప్పుడు, తండ్రిని శిక్షించేవాడిగా, కుమారుణ్ణి బలిపశువుగా విడదీయకూడదని గట్టిగా హెచ్చరించాడు. దేవుడే మనిషై వచ్చి తన మీద వేసుకున్నాడన్నది ఆయన మాట. 'ఎవడును నా ప్రాణము తీసికొనడు' అని యోహాను 10లో క్రీస్తు అంటాడు. 'దేవుడు క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు' ఉన్నాడని పౌలు అంటాడు. మీకు చిన్నప్పటి నుంచి వినిపించింది ఈ బోధ కాదు, దీని మోటు రూపం. దాన్ని మీరు వదిలేస్తే మీ మామగారి సిద్ధాంతానికి కూడా నష్టం లేదు.

తమ్ముడి దారిలో పూర్తిగా వెళ్తే వచ్చే చిక్కు కూడా చెప్పాలి. శిక్ష, వెల, తీర్పు అన్న మాటలన్నీ తీసేసి 'దేవుడు ప్రేమ, అంతే' అంటే, మీ అమ్మగారు పడ్డ దెబ్బలకు లెక్క ఎక్కడ? ఎవరూ ఏమీ భరించకుండా 'పోనీలే' అనేయడం క్షమాపణ అయితే, ఆ మాట ఆమెకు చెప్పగలరా? పాపానికి వెల ఉందని, దాన్ని ఎవరో ఒకరు మోశారని చెప్పే బోధలో బాధితులకు ఒక న్యాయం ఉంది. అది నేను వదులుకోలేను. మీరు ఏమి చేస్తారో మీ ఇష్టం.

గుడ్ ఫ్రైడే సంగతి. మామగారు చెప్పినట్టే మాట్లాడటం ఒక దారి. ఇంట్లో శాంతి ఉంటుంది, మీ భర్తకు కమిటీలో ఇబ్బంది ఉండదు. కానీ ముందు వరుసలో మీ అబ్బాయి కూర్చుని ఉంటాడు, అమ్మ తను నమ్మని మాట చెబుతోందని వాడికి తెలిసిపోతుంది. రెండోది, ఈ చర్చ అంతా వేదిక మీద విప్పడం. మీకు ఇచ్చే పది పదిహేను నిమిషాల్లో ఓరిగెన్ నుంచి చెంచయ్య వరకు వెళ్లలేరు. ఆ రోజు అక్కడికి వచ్చేవాళ్లలో ఈ మధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు, ముసలివాళ్లు ఉంటారు. వాళ్లు వాదన వినడానికి రారు. అంతగా మాట్లాడాలనుకుంటే ఈస్టరు తర్వాత బైబిలు స్టడీలో ఒక సాయంత్రం అడిగి తీసుకోండి. మూడోది, మాట మార్చుకోవడం. మొదటి మాట, 'తండ్రీ, వీరిని క్షమించుము' అనేది, ఎవరికి ఇచ్చారో కనుక్కుని అడగవచ్చు. కుమారుడి నోట క్షమాపణ ముందు వస్తుంది, మరణం ఆ తర్వాతే వస్తుంది. మీరు వెనక్కి తగ్గారని మామగారు అనుకోవచ్చు, అనుకోనివ్వండి.

నాకు నాలుగో దారి మీద మొగ్గు ఉంది. ఇచ్చిన మాటే తీసుకుని, అందులో ఉన్నదే చెప్పడం. ఆ కేక 22వ కీర్తన మొదటి వాక్యం. తండ్రి ముఖం తిప్పుకున్నాడని మత్తయి రాయలేదు, మార్కు రాయలేదు. దేవుడు దోషాన్ని చూడలేడన్న హబక్కూకు మాటను దీనికి కలిపి ప్రసంగికులు తీసిన అర్థం అది. అదే కీర్తన 24వ వచనానికి వచ్చేసరికి, బాధపడేవాడి నుంచి దేవుడు ముఖం దాచుకోలేదని, మొర పెడితే ఆలకించాడని ఉంటుంది. మొదటి వచనం నుంచి 24వ వచనం దాకా నెమ్మదిగా నడిపించండి. క్రీస్తు నిజంగానే విడిచిపెట్టబడ్డవాడి కేక వేశాడని ఒప్పుకోండి, దాన్ని తేలిక చేయకండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టలేరు, ఎందుకంటే మీరు వాక్యం దాటలేదు. కాకపోతే మీరు ఏ మాట అనలేదో మామగారు గమనిస్తారు. కాబట్టి ముందే రాసినది ఆయనకు చూపించండి. "మామయ్యగారూ, ఇందులో అబద్ధం ఏదైనా ఉంటే చెప్పండి, లేనిది కలపమని మాత్రం అడగకండి" అనండి. ఆయన ఎందుకింత పట్టుదలగా ఉన్నారో కూడా మెల్లగా అడగండి. ఆ వయసువాళ్లలో చాలామందికి 'నా శిక్ష తీరిపోయింది, ఇంక బాకీ లేదు' అన్న ఒక్క మాట మీదే రాత్రి నిద్ర పడుతుంది. మీ ప్రశ్న ఆ మాటను లాగేస్తుందని ఆయన భయం కావచ్చు.

బల్ల విషయంలో డీకను ఒక్కరే నిర్ణయించడానికి లేదు. బాప్టిస్టు పద్ధతిలో క్రమశిక్షణ సంఘమంతటికీ చెందిన పని. పాస్టరుగారిని మీరే వెళ్లి కలవండి, భర్తను వెంట తీసుకువెళ్లండి. ఆయన కార్యదర్శిగా కాక మీ భర్తగా రావాలని ముందే చెప్పండి.

మీ అబ్బాయికి సిద్ధాంతం అక్కర్లేదు. "నువ్వు అన్నది నిజం, ఒకరికి బదులు ఇంకొకరిని ఉరి తీయకూడదు. జడ్జి కథ అక్కడ సరిపోదు" అని తరగతిలో అందరి ముందూ చెప్పండి, నవ్విన పిల్లలు కూడా వినాలి. యేసును ఎవరూ బలవంతంగా పంపలేదని, దేవుడు దూరంగా నిలబడి చూడలేదని చెప్పండి. మిగతాది వాడు పెద్దయ్యే కొద్దీ మళ్లీ అడుగుతాడు. జడ్జి కథ స్థానంలో ఈ ఏడాదికి తప్పిపోయిన కుమారుడి కథ చెప్పండి.

పై అంతస్తు ఆవిడ లెక్క ఇది: ఆదాము పోగొట్టిన పరిపూర్ణ మానవ జీవితానికి సరిగ్గా సమానంగా యేసు పరిపూర్ణ జీవితం చెల్లు. త్రాసులో రెండు వైపులా సమానం. అందుకే వాళ్ల బోధలో యేసు తండ్రితో సమానుడైన దేవుడు కానవసరం లేదు. మీరు, మీ మామగారు, మీ తమ్ముడు ముగ్గురూ ఒప్పుకోని చోటు ఇదొక్కటే అయి ఉండవచ్చు! ఈ రోజుల్లోనే వాళ్ల వార్షిక జ్ఞాపకార్థ కూడికకు ఆహ్వానం కూడా ఇస్తారు. మర్యాదగా మాట్లాడండి, టీ ఇవ్వండి, చర్చ మాత్రం గుడ్ ఫ్రైడే అయ్యాక పెట్టుకుందామనండి. ఇప్పటికే మీ చేతిలో చాలినంత పని ఉంది.